ఉప్పల్, నాచారం పెరటి తోటలలో వసంతకాలపు పూలు - గుర్తించే విధానము

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల ఇళ్ళ పెరళ్ళలో మాఘమాసం నుండి వైశాఖమాసం వరకు, అనగా సుమారు ఫిబ్రవరి మొదలుకొని మే నెల మధ్య వరకు, అనేక రకాల పూలు పూస్తాయి. వీటిలో కొన్ని ఇంటివారు కోరి నాటుకొన్నవి. కొన్ని పాత యజమానులు నాటగా నేలలో దుంపల రూపంలో మిగిలినవి. మరికొన్ని గాలి, పక్షులు, మొరం మట్టి ద్వారా వాటంతట అవే వచ్చినవి. ఒక పువ్వు కనిపించినప్పుడు దాని పేరు, కుటుంబము, గుణము తెలుసుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. పేరు తెలుసుకోవడం కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. పెరట్లో పెరిగే మొక్కలలో తినదగినవి, పూజకు వాడేవి, మందుకు పనికివచ్చేవి ఉన్నట్లే ప్రాణాపాయం కలిగించేవి కూడా ఉన్నాయి.

ప్రాంతము, నేల, వాతావరణము

ఉప్పల్ ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండేది. 2007లో అది గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. అంతకుముందు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరినది. నాచారం పారిశ్రామికవాడగా ప్రసిద్ధి. సినీనటుడు, తరువాత ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు నాచారంలో నెలకొల్పిన స్టూడియోకు రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో అని పేరు పెట్టడాన్ని బట్టి ఈ ప్రాంతానికి తోటలతో ఉన్న సంబంధాన్ని ఊహించవచ్చును. పడమటి వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దక్షిణాన మూసీ నది, మధ్యలో చెరువులు ఉండటం వలన వివిధ రకాల మొక్కల విత్తనాలు ఇక్కడి పెరళ్ళకు చేరడానికి అవకాశం ఉన్నది.

ఈ ప్రాంతం దక్కను పీఠభూమిలో సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. నేల ప్రధానంగా గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రటి ఇసుక నేల. దీనిని స్థానికంగా చల్క నేల అంటారు. ఇళ్ళు కట్టేటప్పుడు పోసే మొరం కూడా ఈ రాయి నుండి వచ్చినదే. ఇటువంటి నేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది. సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఇందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన కురిసేదే. మార్చి నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి, మే నాటికి 39 డిగ్రీలు దాటుతుంది.

వసంతకాలము - కాలనిర్ణయము

పంచాంగం ప్రకారం చైత్ర, వైశాఖ మాసాలు వసంతఋతువు. కాని ఈ ప్రాంతంలో పూత అంతకు ముందే, శిశిరఋతువులోనే మొదలవుతుంది. మామిడి, మునగ, బూరుగ మాఘమాసంలోనే పూస్తాయి. హోలీ పండుగనాటికి మోదుగ పూస్తుంది. ఉగాదికి వేప పూత వస్తుంది. కనుక ఇక్కడ వసంతం ఒకేసారి రాదు. అది మెట్లు మెట్లుగా వస్తుంది.

యూరపు దేశాలలో వసంతమంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలం. దక్కనులో ఇది నేల ఎండిపోయే కాలం. నీరు తక్కువగా ఉండే ఈ రోజులలో చెట్లు ఎందుకు పూస్తాయనే సందేహం విద్యార్థులకు కలుగుతుంది. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చును.

మొదటిది, ఆకులు రాల్చిన చెట్టుపై పూలు తేనెటీగలకు, పక్షులకు దూరం నుండి కనిపిస్తాయి. మోదుగ, బూరుగ, గిరిపుష్పం దీనికి ఉదాహరణలు. రెండవది, ఆకులు లేనప్పుడు చెట్టు నుండి నీరు ఆవిరై పోవడం తగ్గుతుంది. చెట్టు నిలువ చేసుకొన్న ఆహారాన్ని పూతకు వినియోగించగలదు. మూడవది, ఇప్పుడు పూసిన పూలు కాయలై తొలకరి నాటికి విత్తనాలు సిద్ధమవుతాయి. వేప పండ్లు జూన్, జూలై నెలలలో రాలతాయి. వేప గింజ మొలకెత్తే శక్తి కొద్ది వారాలలోనే తగ్గిపోతుంది కనుక, అది తడి నేలపై పడటం చెట్టుకు అవసరం. మార్చి, ఏప్రిల్ నెలలలో పూయడం వలననే ఈ లెక్క సరిపోతుంది.

తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, బతుకమ్మలో వాడే గునుగు మాత్రం వానల తరువాత విరగబూసేవి. వీటిని వసంతకాలపు పూలతో కలపరాదు.

గుర్తించే పద్ధతి

పువ్వు రంగును బట్టి మొక్కను గుర్తించాలనుకోవడం సాధారణంగా జరిగే పని. అయితే రంగు నమ్మదగిన లక్షణం కాదు. కాగితపు పూలు, మందారం, గన్నేరు అనేక రంగులలో దొరుకుతాయి. రాధామనోహరం పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకొని, తరువాతి రోజులలో గులాబిరంగుకు, ఆ పైన ఎరుపుకు మారుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించడానికి ఇదే కారణం. ఆకు పసుపుదనం కూడా గుర్తు కాదు. బోరునీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నచోట మొక్కకు ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పాలిపోతుంది. అందువలన కింది క్రమంలో పరిశీలించడం మంచిది.

1. మొక్క స్వభావము: చెట్టా, పొదా, తీగా, దుంప నుండి వచ్చినదా అనేది మొదట చూడాలి.

2. ఆకుల అమరిక: కణుపుకు ఒక ఆకు ఉంటే ఏకాంతరము, ఎదురెదురుగా రెండు ఉంటే అభిముఖము, మూడు లేక అంతకంటె ఎక్కువ ఉంటే చక్రీయము అంటారు. ఆకు ఒకే పలకగా ఉంటే సరళ పత్రము, చిన్న పత్రకాలుగా విడిపోయి ఉంటే సంయుక్త పత్రము. పత్రకాన్ని ఆకుగా పొరబడకుండా ఉండటానికి సులభమైన ఉపాయం ఉన్నది. నిజమైన ఆకు మొదలులో, కాండానికీ తొడిమకూ మధ్య, ఒక మొగ్గ ఉంటుంది. పత్రకం మొదలులో మొగ్గ ఉండదు.

3. పాలు: ఆకును తుంచినప్పుడు తెల్లని పాలు లేక పసుపు రసం వస్తుందా అని చూడాలి. ఈ రసం చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త వహించాలి.

4. పువ్వు సౌష్ఠవము: ఏ వైపు నుండి నిలువుగా కోసినా రెండు సమభాగాలు వచ్చే పువ్వు సౌష్ఠవయుతము. మందారం ఇటువంటిది. ఒకే దిశలో కోస్తేనే సమభాగాలు వచ్చేది పాక్షిక సౌష్ఠవయుతము. చిక్కుడు, కానుగ పూలు ఇటువంటివి.

5. భాగాల సంఖ్య: ఆకర్షణ పత్రాలు, కేసరాలు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. మూడు లేక ఆరు చొప్పున ఉంటే ఏకదళబీజ మొక్క అని, నాలుగు లేక ఐదు చొప్పున ఉంటే ద్విదళబీజ మొక్క అని స్థూలంగా నిర్ణయించవచ్చును. రెండే కేసరాలు ఉండటం మల్లె కుటుంబపు గుర్తు. అనేక కేసరాలు గొట్టంలా కలిసిపోయి ఉండటం మందారం కుటుంబపు గుర్తు.

6. అండాశయము: పూరేకులకు పైన ఉన్నదా, కింద ఉన్నదా అని చూడాలి.

7. వాసన, విచ్చుకొనే వేళ, వచ్చే కీటకాలు: రాత్రి విచ్చుకొని సువాసన చిమ్మే తెల్లని పూలకు ఎక్కువగా చిమ్మెటలు వస్తాయి. వాసన లేని ఎర్రని పూలకు తేనెపిట్టలు వస్తాయి.

ముద్ద రకాలలో కేసరాలు పూరేకులుగా మారిపోతాయి. కనుక ముద్ద మందారం, బొడ్డుమల్లె వంటి వాటిలో లెక్క సరిగా రాదు. ఒంటిరెక్క పువ్వు దొరికితే దానినే పరిశీలించాలి.

పూత క్రమము

ఫిబ్రవరి

ఈ నెలలో మామిడి పూత కనిపిస్తుంది. మామిడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పుష్పాలు కలిసి ఉంటాయి. పువ్వుకు ఐదు రేకులు ఉన్నప్పటికీ సాధారణంగా ఒక్క కేసరమే పుప్పొడిని ఇస్తుంది. మునగ పువ్వు మొదటి చూపులో చిక్కుడు పువ్వును పోలి ఉంటుంది. కాని మునగలో ఐదు కేసరాలు మాత్రమే పుప్పొడిని ఇస్తాయి, మరో ఐదు వంధ్యమైనవి. ఇది మొరింగేసి అనే వేరే కుటుంబానికి చెందినది.

గిరిపుష్పాన్ని రైతులు పచ్చిరొట్ట కొరకు పెంచుతారు. ఇది మధ్య అమెరికా ప్రాంతం నుండి వచ్చిన చెట్టు. ఆకులు రాలిన కొమ్మల వెంట లేత గులాబిరంగు పూలు గుత్తులుగా వస్తాయి. చలికాలంలో కుండీలలో వేసిన పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్ పూలు ఈ నెలాఖరుకు ముగింపు దశకు వస్తాయి. మార్చి ఎండకు ఇవి ఎండిపోవడం తెగులు కాదు, వాటి ఆయువు అంతే.

మార్చి

కాగితపు పూలు ఈ నెలలో నిండుగా ఉంటాయి. రంగుగా కనిపించేవి పూలు కావు, పుచ్ఛములు అనే మార్పు చెందిన ఆకులు. మూడు పుచ్ఛముల మధ్య మూడు సన్నని గొట్టాల వంటి అసలు పూలు ఉంటాయి. ఒక్కొక్క పువ్వు ఒక్కొక్క పుచ్ఛము ఈనెకు అంటుకొని ఉంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ తీగను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిబేర్ కామర్సన్ 1767లో బ్రెజిల్ తీరంలో సేకరించాడు. ఆ నౌకాయాత్రకు నాయకుడైన బూగేన్‌విల్ పేరు దీనికి వచ్చినది.

కానుగ చెట్టు పాత ఆకులు రాల్చి, మార్చిలో మెరిసే లేత ఆకులు వేసి, వాటితోపాటు పూస్తుంది. తెలుపు, లేత ఊదా కలిసిన పూలు చెట్టు కింద పేలాలు పరచినట్లు రాలతాయి. కానుగ, గిరిపుష్పం రెండూ ఫాబేసి కుటుంబానికి చెందినవే. రెంటిలోనూ పెద్ద రేకును ధ్వజము, పక్కనున్న రెంటిని బాహువులు, కింద కలిసి ఉన్న రెంటిని ద్రోణులు అంటారు. గిరిపుష్పం ఆకులు లేనప్పుడు పూస్తుంది, కానుగ లేతాకులతో పూస్తుంది.

మల్లె మొగ్గలు మార్చిలో మొదలవుతాయి. శీతాకాలంలో నీరు తగ్గించి, జనవరిలో కొమ్మలు కత్తిరించి ఆకు దూసిన మొక్కలు బాగా పూస్తాయి. మల్లెకు సరళ పత్రాలు ఎదురెదురుగా ఉంటాయి. జాజికి ఐదు నుండి తొమ్మిది పత్రకాలు గల సంయుక్త పత్రం, మొగ్గ వెలుపలి వైపు గులాబి ఛాయ ఉంటాయి. విరజాజి ఆకులో ఒక పెద్ద పత్రకము, దాని కింద చెవులవలె రెండు చిన్న పత్రకాలు ఉంటాయి. పూలు లేనప్పుడు కూడా ఆకును చూసి ఈ మూడింటిని వేరుచేయవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించినది.

ఏప్రిల్

వేప పూత మార్చి చివర మొదలై ఏప్రిల్‌లో నిండుగా ఉంటుంది. వేప పువ్వుకు ఐదు తెల్లని రేకులు ఉంటాయి. పది కేసరాలు కలిసిపోయి మధ్యలో చిన్న గొట్టంలా ఏర్పడతాయి. ఇది మీలియేసి కుటుంబపు ముఖ్య లక్షణం.

కరివేపాకు చెట్టు ఈ రోజులలో చిన్న తెల్లని పూల గుత్తులు వేస్తుంది. పేరులో వేప ఉన్నప్పటికీ ఇది నిమ్మ కుటుంబమైన రుటేసికి చెందినది. ఆకును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే నూనె గ్రంథులు చుక్కలుగా కనిపిస్తాయి. ఈ చెట్టు శాస్త్రీయ నామంలోని కోనిగియై అనే పదం యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరున పెట్టినది. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. ఆయన మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మొక్కలను పెంచి, వాటి తెలుగు పేర్లను కూడా తన గ్రంథాలలో నమోదు చేసినాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుండి వెలువడినది.

వీధి వెంట రేల చెట్టు పచ్చని పూలగుత్తులను వేలాడదీసేది, తురాయి ఎర్రబడేది కూడా ఈ నెలలోనే. తురాయి మడగాస్కరు ద్వీపానికి చెందినది. దాని ఐదు రేకులలో ఒకటి మిగతా వాటికంటె భిన్నంగా, తెలుపు లేక పసుపు చారలతో ఉంటుంది.

నాటకుండా వచ్చే పూలు

పాత ఇల్లు కొన్నవారు, అద్దెకు దిగినవారు వసంతంలో పెరటి నేల నుండి అకస్మాత్తుగా పూకాడ లేవడం చూస్తుంటారు. ఇవి సాధారణంగా అమరిల్లిడేసి కుటుంబపు దుంప మొక్కలు. ఈ కుటుంబపు పూలలో ఆరు రేకుల వంటి భాగాలు, ఆరు కేసరాలు, వాటికి దిగువన అండాశయం ఉంటాయి. అసలైన లిల్లీలలో అండాశయం పైన ఉంటుంది. కనుక లిల్లీ అని పిలుస్తున్నప్పటికీ ఇవి లిల్లీలు కావు.

వీటిలో మూడింటిని ఇక్కడ తరచుగా చూడవచ్చును. మార్చి, ఏప్రిల్ నెలలలో బోలు కాడపై రెండు నుండి ఆరు వరకు పెద్ద ఎర్రని గరాటు పూలు వస్తే అది హిప్పియాస్ట్రమ్. దీనిని నర్సరీలలో అమరిల్లిస్ అంటారు. ఇది దక్షిణ అమెరికాకు చెందినది. ఏప్రిల్ చివర, మే నెలలో వందకు పైగా సన్నని ఎర్రని పూలు బంతివలె గుమిగూడితే అది ఫుట్‌బాల్ లిల్లీ. ఇది ఆఫ్రికాకు చెందినది, సంవత్సరానికి ఒక్కసారే పూస్తుంది. వేసవి జల్లు పడిన కొద్ది రోజులకు కాడకు ఒకటి చొప్పున గులాబి, తెలుపు లేక పసుపు పూలు లేస్తే అది వాన లిల్లీ.

ఈ దుంపలు చూడటానికి ఉల్లిగడ్డలవలె ఉంటాయి. వీటిలో లైకోరిన్ వంటి విషపదార్థాలు ఉంటాయి. తింటే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. ఉల్లిని నలిపితే ఘాటైన వాసన వస్తుంది, వీటికి ఆ వాసన ఉండదు. కూరగాయల మడిలో పొరపాటున కలిసిపోకుండా వీటిని వేరుగా నాటాలి.

పేర్ల తికమక

తెలుగు పేర్లు కొన్నిచోట్ల శాస్త్రానికి దగ్గరగా ఉంటాయి, కొన్నిచోట్ల దారి తప్పిస్తాయి. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అనే నాలుగూ ఒకే అపోసైనేసి కుటుంబానికి చెందినవి. నాలుగింటి మొగ్గలలోనూ రేకులు మరచుట్టువలె మెలితిరిగి ఉంటాయి. పూర్వులు ఈ పోలికను గమనించి ఒకే మాట వాడినట్లు తోస్తుంది.

గన్నేరుకు సన్నని ఆకులు కణుపుకు మూడేసి ఉంటాయి. పచ్చగన్నేరుకు ఇంకా సన్నని ఆకులు ఒక్కొక్కటిగా ఉంటాయి. పువ్వు పసుపు గంటవలె ఉంటుంది. దేవగన్నేరుకు లావైన మెత్తని కొమ్మలు ఉంటాయి. అది వేసవికి ముందు ఆకులు రాల్చి, కొమ్మల చివర పూస్తుంది. బిళ్ళగన్నేరు చిన్న మొక్క. దీని నుండి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందులు తయారుచేస్తారు.

మల్లె అనే మాట ఇందుకు విరుద్ధం. ఆకాశమల్లె మల్లె కాదు, అది బిగ్నోనియేసి కుటుంబపు పెద్ద చెట్టు. నాగమల్లి కూడా మల్లె కాదు, అది దక్షిణ అమెరికా చెట్టు, పూలు మాను మీదనే వస్తాయి. వాసన, తెలుపు రంగు లేక పువ్వుపై గల గౌరవం కారణంగా ఈ పేర్లు ఏర్పడినవి. పేరును మాత్రమే నమ్మి ఒక మొక్క గుణాన్ని మరొక మొక్కకు ఆపాదించరాదు.

పొరబడితే ప్రమాదకరమైన మొక్కలు

వేప - కొండవేప: ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసేవారు ఈ భేదాన్ని తెలుసుకోవాలి. వేప ఆకు ఒకసారి మాత్రమే పత్రకాలుగా చీలుతుంది, పువ్వు తెల్లగా ఉంటుంది. కొండవేప ఆకు రెండు లేక మూడు సార్లు చీలుతుంది. పువ్వు రేకులు లేత ఊదాగా, మధ్య గొట్టం ముదురు ఊదాగా ఉంటాయి. కొండవేప కాయలు విషపూరితమైనవి. ఊదారంగు కనిపిస్తే ఆ పువ్వు పచ్చడికి పనికిరాదు.

గన్నేరు, పచ్చగన్నేరు: ఈ రెండింటి అన్ని భాగాలలో గుండెపై పనిచేసే గ్లైకోసైడులు ఉంటాయి. పచ్చగన్నేరు కాయ లోపలి గింజ మరీ ప్రమాదకరం. ఆకుపచ్చని ఈ కాయలు పిల్లలకు ఆటవస్తువులుగా కనిపిస్తాయి. పూజకు పూలు కోసిన తరువాత చేతులు కడుగుకోవాలి. ఎవరైనా వీటిని తిన్నట్లు అనుమానం కలిగితే ఇంటివైద్యం చేయక, మొక్క కొమ్మను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొక్క పేరు తెలిస్తే వైద్యుని పని సులభమవుతుంది.

బలురక్కసి: ఖాళీ స్థలాలలో ఫిబ్రవరి నుండి పసుపు పూలతో కనిపించే ముళ్ళ మొక్క. దీనిని పిచ్చి కుసుమ అని కూడా అంటారు. ఆకుపై తెల్లని చారలు, తుంచితే పసుపు పాలు ఉంటాయి. దీని గింజలు నల్లగా, గుండ్రంగా ఆవాలను పోలి ఉంటాయి. ఈ గింజల నూనె ఆవనూనెలో కలిస్తే కాళ్ళవాపు, గుండె బలహీనతతో కూడిన డ్రాప్సీ వ్యాధి వస్తుంది. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వలన ఈ వ్యాధి వ్యాపించి అనేకమంది మరణించారు. ఆవ మొక్కకు ముళ్ళు ఉండవు, పువ్వుకు నాలుగే రేకులు ఉంటాయి.

వయ్యారిభామ: 1955 ప్రాంతంలో పుణె దగ్గర గుర్తించబడి, తరువాత దేశమంతటా వ్యాపించిన కలుపు మొక్క. చీలికలు గల లేత ఆకులు మాచిపత్రిని పోలి ఉంటాయి. మాచిపత్రిని నలిపితే సువాసన వస్తుంది. దీనికి అటువంటి వాసన ఉండదు. చిన్న తెల్లని పూశీర్షాలు వచ్చిన తరువాత గుర్తించడం సులభం. దీని పుప్పొడి, ఆకుల స్పర్శ వలన కొందరికి చర్మవ్యాధి, ఉబ్బసం వస్తాయి. పూయక ముందే, చేతికి తొడుగులు ధరించి, వేళ్ళతో సహా పీకివేయాలి.

జిల్లేడు, ఉమ్మెత్త: జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకు హాని కలుగుతుంది. ఉమ్మెత్త గింజలు, ఆకులు విషపూరితం. ఉమ్మెత్త పువ్వు పెద్ద గరాటువలె ఉండి సాయంత్రం విచ్చుకొంటుంది, కాయపై ముళ్ళు ఉంటాయి.

సెల్‌ఫోను ద్వారా గుర్తింపు

2008లో ఆరంభమైన ఐనేచురలిస్ట్, ఆ తరువాత వచ్చిన ప్లాంట్‌నెట్ వంటి సాధనాలు ఫోటోను చూసి మొక్క పేరును సూచిస్తాయి. ఇవి కుటుంబాన్ని, ప్రజాతిని గుర్తించడంలో బాగా సహాయపడతాయి. అయితే నర్సరీలలో తయారైన సంకర రకాల విషయంలో, పూలు లేని లేతమొక్కల విషయంలో పొరబడే అవకాశం ఉన్నది. సూచించిన పేరును మొదటి మెట్టుగా తీసుకొని, పైన చెప్పిన లక్షణాలతో సరిచూడాలి. తినడానికి, మందుకు సంబంధించిన నిర్ణయాన్ని ఫోటో ఆధారంగా మాత్రమే తీసుకోరాదు.

ఫోటోలు తీసేటప్పుడు పువ్వు ఎదుటి నుండి ఒకటి, పక్క నుండి ఒకటి, ఆకు పైభాగం, కిందిభాగం, కణుపు, మొత్తం మొక్క తీయాలి. పక్కన ఒక రూపాయి నాణెం ఉంచితే పరిమాణం తెలుస్తుంది.

నమోదు చేసే విధానము

ఒక నోటు పుస్తకంలో మొక్క స్థానిక నామం, శాస్త్రీయ నామం, మొదటి పువ్వు విచ్చిన తేది, పూత నిండుగా ఉన్న తేది, ముగిసిన తేది, వచ్చిన కీటకాలు, ఆ వారం వర్షం కురిసినదీ లేనిదీ వ్రాయాలి. ఆంగ్ల తేదితోపాటు తిథి కూడా వ్రాయడం ఉపయోగకరం. చాంద్రమాన మాసాలు అధికమాసం వలన ముందు వెనుకలు అవుతాయి. అందువలన ఉగాదికి వేప పూయలేదని అనిపించిన సంవత్సరంలో ఆలస్యమైనది పూతా, ముందుగా వచ్చినది పండుగా అనేది రెండు తేదీలు ఉంటేనే తేలుతుంది.

పాఠశాల విద్యార్థులు ఒకే వీధిలోని ఐదారు చెట్లను ఎన్నుకొని నాలుగైదు సంవత్సరాలు ఇలా నమోదు చేస్తే, వాతావరణ మార్పు చెట్ల పూతపై చూపే ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి అది విలువైన సమాచారమవుతుంది. దేశవ్యాప్తంగా ఇటువంటి సమాచారాన్ని సీజన్‌వాచ్ అనే కార్యక్రమం సేకరిస్తున్నది.

మొక్కను ఎండబెట్టి భద్రపరచాలంటే పువ్వు, ఆకులు గల చిన్న కొమ్మను వార్తాపత్రికల మధ్య ఉంచి, పైన బరువు పెట్టి, రోజూ కాగితాలు మార్చుతూ ఉండాలి. వేసవిలో వారం, పదిరోజులలో ఎండుతుంది. దానిని దళసరి అట్టపై కుట్టి, తేది, స్థలం వ్రాసి ఉంచాలి.

పెరళ్ళు తగ్గిపోవుట

నాగోలు నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు 2017 నవంబరులో ప్రారంభమైనది. దీనితో ఉప్పల్ ప్రాంతం నగర మధ్యభాగానికి మరింత దగ్గరైనది. ఇక్కడి పాత ఇళ్ళ స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు వస్తున్నాయి. ఇల్లు పడగొట్టినప్పుడు పెరటి చెట్లతోపాటు నేలలోని దుంపలు, వాటిని గురించి ఇంటివారికి తెలిసిన విషయాలు కూడా పోతాయి. ఏ మూల ఏది పూస్తుందో ఆ ఇంటివారికి తప్ప ఇతరులకు తెలియదు. వసంతంలో తప్ప మిగతా కాలంలో దుంప మొక్కలు కొన్ని కంటికి కనిపించవు కూడా.

పెద్ద చెట్లను నరకడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి అవసరం. ఈ చట్టాన్ని వాల్టా చట్టం అని పిలుస్తారు. దుంప మొక్కలకు, తీగలకు అటువంటి రక్షణ లేదు. అందువలన వాటిని ముందుగా గుర్తించి తరలించడమే మార్గం. పూసినప్పుడు పక్కన పేరు వ్రాసిన పుల్ల పాతి, ఆకులు ఎండిపోయి దుంప నిద్రావస్థలో ఉన్నప్పుడు తవ్వి, కుండీలలోనికి మార్చవచ్చును. మల్లె, దేవగన్నేరు, కాగితపు పూలు కొమ్మ కత్తిరింపుల ద్వారా సులభంగా పెరుగుతాయి. వేప విత్తనాలను రాలిన కొద్ది రోజులలోనే నాటాలి. పేరు తెలిసిన మొక్కను వెంట తీసుకొని పోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పేరు తెలియనిది మట్టితోపాటు లారీకి ఎక్కుతుంది.